“అమ్మా, అప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?”

ప్రశ్న: మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి బయల్దేరే ముందు బ్యాండ్ డైరెక్టర్ పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఒకరి చేతులొకరు పట్టుకోమని, యేసు పేరు మీద ప్రార్థన చేయిస్తున్నారట. ఆయన మంచివారే, పిల్లలంటే ప్రాణం పెడతారు. మా అమ్మాయి రెండు వారాలు ఏమీ అనలేదు. మొన్న రాత్రి అన్నం తింటూ, “అమ్మా, అప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?” అని అడిగింది. మావారు “మనం హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం, గొడవలు మనకెందుకు” అంటారు. మా అత్తగారు “దేవుణ్ణి ఏ పేరుతో పిలిస్తే ఏం” అంటారు. మా స్నేహితురాలిది కూడా తెలుగు కుటుంబమే, వాళ్ళు క్రైస్తవులు. “ప్రార్థన చేస్తే తప్పేంటి?” అని ఆమె నొచ్చుకుంది. దీనికి తోడు, స్కూళ్ళలో ప్రార్థన సమయం పెట్టాలా వద్దా అని మా స్కూల్ బోర్డు త్వరలో ఓటు వేస్తుందట. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

మీ ఇంట్లో పెద్దవాళ్ళందరి మాటా రాశారు. నేను మాత్రం మీ అమ్మాయి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. పద్నాలుగేళ్ళ పిల్ల రెండు వారాలు మనసులో పెట్టుకుని, చివరికి అన్నం దగ్గర మీకు చెప్పింది. ఆ చెప్పడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు, ఎందుకంటే నేనొకప్పుడు చెప్పని పిల్ల పక్కన కూర్చున్నాను.

1984లో నేను గుంటూరు జిల్లాలో ఓ ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. క్లాస్ లీడర్ని. పొద్దున అసెంబ్లీలో సరస్వతీ ప్రార్థన, తర్వాత ప్రతిజ్ఞ. ప్రార్థనప్పుడు చేతులు జోడించనివాళ్ళ పేర్లు చీటీ మీద రాసి డ్రిల్లు మాస్టారికి ఇవ్వడం నా పని. నా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయి చర్చికి వెళ్ళే ఇంటి పిల్ల. చేతులు పక్కకి వదిలేసి, పెదవులు బిగించి, కాలి బొటనవేలితో మట్టిలో గీత గీస్తూ నిలబడేది. అల్లరి చేయదు, నవ్వదు. ఓ రోజు నేను ఆ పేరు రాసి ఇచ్చాను. రెండో పీరియడ్ గంట కొట్టేదాకా ఆ పిల్లని ఎండలో నిలబెట్టారు. తర్వాత వచ్చి కుళాయి దగ్గర నీళ్ళు తాగి, మూతి పైటతో తుడుచుకుని, నా పక్కనే కూర్చుంది. నన్నేమీ అనలేదు. ఇంట్లో కూడా చెప్పలేదని చాలా ఏళ్ళకి తెలిసింది. మర్నాటి నుంచి చేతులు జోడించింది. ఆ జోడించిన చేతులు చూసి నేను సంతోషించాను, అదీ నన్ను బాధపెట్టేది ఇప్పటికీ.

పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న బళ్ళలో కూడా పిల్లని ఆరాధనలో పాల్గొనమనాలంటే ఇంటి పెద్దల అంగీకారం కావాలి. మా ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మాస్టారికి తెలిసి ఉంటే అలా చేసేవారు కాదనే నేను అనుకుంటాను. ఆ మరుసటేడు కేరళలో ఓ బడి జాతీయగీతం పాడలేదని ముగ్గురు పిల్లల్ని తీసేసింది. వాళ్ళు గీతం వస్తుంటే మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు, తమ విశ్వాసం ఒప్పుకోక పాడేవాళ్ళు కాదు, అంతే. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతోంది, మన తత్వం సహనాన్ని బోధిస్తోంది, మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తోంది, దాన్ని పలచన చేయవద్దు అని ముగించారాయన. మౌనంగా నిలబడటం అవమానించడం కాదని ఆ తీర్పు చదివాకే నాకు అర్థమైంది. అప్పటికి నా స్నేహితురాలి చదువు ఆగిపోయింది.

ఇక మీ ఊరి సంగతి. అమెరికాలో స్కూళ్ళ నుంచి ప్రార్థనని తరిమేశారని చాలామంది అంటూ ఉంటారు, మీ చెవినా పడే ఉంటుంది. అది నిజం కాదు. 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది న్యూయార్క్ రాష్ట్ర అధికారులు రాసి, బడుల్లో చదివించమని పంపిన 22 పదాల ప్రార్థనని. పిల్లలు సొంతంగా చేసుకునే ప్రార్థన జోలికి కోర్టు పోలేదు. టెక్సస్ చట్టం అయితే, పిల్లలు ఒంటరిగా, ఇష్టపూర్వకంగా, మౌనంగా ప్రార్థించుకోవడాన్ని సంపూర్ణ హక్కుగా రాసుకుంది. మీ అమ్మాయి రోజూ జెండాలకి ప్రమాణం చెప్పాక ఒక నిమిషం మౌనం పాటిస్తుంది కదా, అది కూడా చట్టమే. ఆ నిమిషంలో ఆమె హనుమంతుణ్ణి తలుచుకోవచ్చు, పక్కపిల్ల యేసుని తలుచుకోవచ్చు, ఇంకొకరు మధ్యాహ్నం లెక్కల పరీక్ష గురించి ఆలోచించుకోవచ్చు. ఎవరూ అడగరు.

కాబట్టి ప్రార్థన జరగడంలో చిక్కేమీ లేదు. దాన్ని ఎవరు నడిపిస్తున్నారన్నదే అసలు విషయం. బ్యాండ్ డైరెక్టర్ స్కూలు జీతం తీసుకునే ఉద్యోగి. మీ అమ్మాయి ఏ వరసలో కూర్చోవాలో, సోలో ఎవరికివ్వాలో, గ్రేడ్ ఎంతో ఆయన చేతిలో ఉంది. ఆయన “రండి, చేతులు పట్టుకోండి” అంటే అది పిలుపులా ఉంటుంది గానీ, పిల్ల చెవికి ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

ఇది నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. డాలస్‌కి దక్షిణాన డంకన్‌విల్ ఉంది కదా, అక్కడే జరిగిందొకటి. ఏడో తరగతి అమ్మాయి బాస్కెట్‌బాల్ టీంలో చేరింది. అక్కడ కోచ్‌తో కలిసి క్రైస్తవుల ప్రభువు ప్రార్థన చెప్పడం ఏళ్ళ తరబడి అలవాటు. మొదట్లో ఆ పిల్ల కూడా అందరితో కలిసింది. తర్వాత మానుకుంది. టీం అంతా ప్రార్థన చేస్తుంటే తను విడిగా నిలబడాల్సి వచ్చేది. తోటిపిల్లలు “నువ్వు క్రిస్టియన్‌వి కావా?” అని అడిగేవాళ్ళు. ఓ టీచర్ క్లాసులోనే ఆమెను “బుల్లి నాస్తికురాలు” అన్నారు. ఇవన్నీ కోర్టు తీర్పులో ఉన్నవే. 1995లో 5వ సర్క్యూట్ అప్పీలు కోర్టు, స్కూలు ఉద్యోగులు అలా ప్రార్థనల్లో చేరడం, నడిపించడం రాజ్యాంగానికి విరుద్ధమంది. టెక్సస్ ఆ కోర్టు పరిధిలోదే.

ఆ తీర్పులోనే ఇంకో సగం ఉంది, అదీ మీకు తెలియాలి. అదే స్కూళ్ళలో గాయక బృందం పాడే ఓ క్రైస్తవ పాటని కోర్టు తప్పుపట్టలేదు. బృందగానంలో మంచి సంగీతం చాలావరకు చర్చి నుంచే వచ్చింది, అది నేర్చుకోవడం ప్రార్థన చేయడం కాదంది. కాబట్టి డిసెంబరు కచేరీలో మీ అమ్మాయి క్రిస్మస్ పాట వాయించాల్సి వస్తే హాయిగా వాయించనివ్వండి. త్యాగరాజ కీర్తనని వయొలిన్ మీద నేర్చుకునే ఇతర మతాల పిల్లలు మనకీ ఉన్నారు.

2000లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసు మీకు ఇంకా దగ్గరిది. అది గాల్వెస్టన్ వైపున్న శాంటా ఫే అనే చిన్న ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడి పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ. ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు మైకులో ప్రార్థన, అదీ పిల్లలు ఓటేసి ఎన్నుకున్న విద్యార్థి చెప్పేది. మ్యాచ్‌కి రమ్మని ఎవరినీ బలవంతం చేయడం లేదు, ఇష్టముంటేనే వస్తారు కదా అని డిస్ట్రిక్ట్ వాదించింది. అప్పుడు జడ్జీలు ఎత్తిచూపింది ఎవరినో తెలుసా అమ్మా? టీం పిల్లల్ని, చీర్‌లీడర్లని, బ్యాండ్ పిల్లల్ని. వాళ్ళకి రావడం తప్పనిసరి, కొన్నిసార్లు అది క్లాస్ క్రెడిట్ కూడా అన్నారు. 6-3 తేడాతో ఆ పద్ధతిని కొట్టేశారు. మీ అమ్మాయి లాంటి పిల్లని దృష్టిలో పెట్టుకుని దేశపు అత్యున్నత న్యాయస్థానం పాతికేళ్ళ కిందటే మాట్లాడింది.

మీ స్నేహితురాలికి ఈ కేసు గురించి చెప్పండి. అందులో కోర్టుకెళ్ళిన రెండు కుటుంబాలూ యేసుని నమ్మేవాళ్ళే. ఒకటి కాథలిక్ కుటుంబం, ఒకటి మార్మన్ కుటుంబం. తమ పిల్లలకి ప్రార్థన ఎలా నేర్పాలో తమ ఇల్లు, తమ చర్చి చూసుకుంటాయని, స్కూలు కాదని వాళ్ళు నమ్మారు. ఆమె నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. తన ప్రార్థననే మీరు తప్పంటున్నారని ఆమెకి అనిపించింది. “మీ అబ్బాయి మ్యాచ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థించుకుంటానంటే, ఎవరైనా ఆపితే నేను కూడా మీ పక్కన నిలబడతాను” అని చెప్పండి. మనస్ఫూర్తిగా చెప్పండి. ఎందుకంటే చట్టం అలాగే ఉంది. అంతమాట చెప్పాక కూడా ఆమె నొచ్చుకుంటే కొన్నాళ్ళు ఆగండి, స్నేహం నిలుస్తుంది.

2022 తీర్పు తర్వాత అంతా మారిపోయిందని ఎవరైనా మీతో అనొచ్చు. కొంత మారింది. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్ అనే ఊరి ఫుట్‌బాల్ కోచ్ మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో మోకాలి మీద కూర్చుని ప్రార్థించేవాడు. దాని వల్ల స్కూలు అతన్ని విధుల నుంచి పక్కన పెట్టింది. సుప్రీంకోర్టు 6-3తో అతని పక్షాన నిలిచింది. ఆ తీర్పు నాకు పూర్తిగా నచ్చలేదు. కోచ్ మోకరిల్లితే పక్కన చేరకపోవడం ఆటగాడికి ఎంత కష్టమో విభేదించిన ముగ్గురు జడ్జీలు రాశారు, నాది వాళ్ళ మాటే. కానీ అతని పక్షాన నిలిచిన ఆరుగురు జడ్జీలు కూడా అతని సొంత ప్రార్థన హక్కు గురించే చెప్పారు, పిల్లల్ని కూర్చోబెట్టి ప్రార్థన చేయించే హక్కు గురించి కాదు. లాకర్ రూంలో టీంతో చేసే ప్రార్థనల్ని అతను అప్పటికే ఆపేశాడు. మీ బ్యాండ్ డైరెక్టర్ తన కారులో కూర్చుని ప్రార్థించుకుంటే మీకు సంబంధం లేదు. పిల్లల చేతులు పట్టించి చేయిస్తే సంబంధం ఉంది.

మీరు అభ్యంతరం చెప్పకూడనివి కూడా ఉన్నాయి. 2007లో టెక్సస్ ఓ చట్టం చేసింది. స్కూల్ కార్యక్రమాల్లో మాట్లాడే విద్యార్థుల్ని మతంతో సంబంధం లేని కొలతతో ఎంచుకోవాలి, వాళ్ళు తమ మాటల్లో దేవుణ్ణి తలిస్తే అడ్డుకోకూడదు, అవి ఆ విద్యార్థి మాటలే గానీ స్కూలు మాటలు కావని చెప్పాలి. గ్రాడ్యుయేషన్ రోజున ఏ కుర్రాడో యేసుకి కృతజ్ఞతలు చెబితే వినండి. నాలుగేళ్ళ తర్వాత అదే మైకు ముందు మీ అమ్మాయి నిలబడి మీ ఇలవేల్పు పేరు చెప్పొచ్చు. అలాగే సెప్టెంబరు నాలుగో బుధవారం పొద్దున్నే స్కూలు జెండా కర్ర చుట్టూ పిల్లలు చేరి ప్రార్థించడం చూస్తారు. ఫోర్ట్‌వర్త్ దగ్గర బర్లెసన్‌లో 1990లో పిల్లలే మొదలుపెట్టిన అలవాటది. పిల్లలే నడిపినంత కాలం అది వాళ్ళ హక్కు.

మీ అత్తగారి మాట నాకు చాలా ఇష్టం. అంత విశాలంగా ఆలోచించే పెద్దావిడ ఇంట్లో ఉండటం మీ అదృష్టం. ఆవిడతో వాదించకండి. ఒక్కటే అడగండి. “అత్తయ్యా, మీరు చర్చికి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటే అది మీ మనసు. డ్రిల్లు మాస్టారు పెట్టమంటే పెట్టిన దణ్ణం దేవుడికి చేరుతుందా?” నాకైతే చేరదనిపిస్తుంది. నా స్నేహితురాలి చేతుల్లో నేను చూసింది దణ్ణం కాదు.

మీవారి భయం వేరు. వీసా మీద బతికే ఇళ్ళలో ఆ భయం నిద్రలో కూడా ఉంటుంది, పదకొండేళ్ళు నేనూ దానితోనే బతికాను. అయినా ఒకటి గుర్తుపెట్టుకోమనండి. రాజ్యాంగం ఈ హక్కు ఇచ్చింది పిల్లకి, పాస్‌పోర్టుకి కాదు. 1982లో ఈ టెక్సస్ నుంచే, టైలర్ ఊరి నుంచి వెళ్ళిన కేసులో, కాగితాలు లేని పిల్లల్ని కూడా బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మీ పిల్ల అన్ని కాగితాలతో, మీరు కట్టే పన్నుతో నడిచే బడికి వెళ్తోంది. టీచరుకి మర్యాదగా రాసే ఓ ఉత్తరం ఇమిగ్రేషన్ వ్యవహారం కాదు. శాంటా ఫే కుటుంబాలు కూడా భయపడ్డాయి. వాళ్ళ పేర్లు బయటపెట్టకుండా కోర్టు కాపాడింది, ఆరా తీయాలని చూసేవాళ్ళ మీద కఠిన చర్య తప్పదని హెచ్చరించింది. మీ విషయం అంతదూరం వెళ్ళదు, వెళ్ళాల్సిన పనీ లేదు.

ఇప్పుడు చేయాల్సింది. మొట్టమొదట మీ అమ్మాయిని అడగండి. మీరు నిర్ణయించి తర్వాత ఆమెకి చెప్పడం కాదు. “నేను సార్‌కి రాయనా? రాస్తే నీ పేరు ఎలా చెప్పమంటావు?” అని అడగండి. ఈ సీజన్ అయ్యేదాకా ఆగమంటే ఆగండి. హాల్లో ఆయన ఎదుట నిలబడేది ఆమె, మనం కాదు. రాయమంటే ఈ మాదిరిగా రాయండి:

“మా అమ్మాయికి బ్యాండ్ అంటే ప్రాణం, మీరు నేర్పుతున్నందుకు కృతజ్ఞులం. మ్యాచ్ ముందు మీ ఆధ్వర్యంలో ప్రార్థన జరుగుతోందని తెలిసింది. పిల్లలు తమంతట తాము ప్రార్థించుకోవడం మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు. మీరు నడిపించే బదులు ఆ సమయాన్ని మౌనంగా ఉంచమని మనవి. పిల్లలందరూ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఉండగలుగుతారు. ఈ సంగతి మన మధ్యే ఉంచండి.”

కోర్టు కేసుల పేర్లు మొదటి ఉత్తరంలో వద్దు. చాలామంది టీచర్లు ఇంతమాత్రానికే అర్థం చేసుకుంటారు, పిల్లకి ఇబ్బందైందని తెలిస్తే నొచ్చుకుంటారు కూడా. వారం దాటినా మార్పు లేకపోతే అదే ఉత్తరం ప్రిన్సిపాల్‌కి పంపండి, ఈసారి డంకన్‌విల్ పేరు చేర్చండి. అప్పటికీ కదలకపోతే డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే పద్ధతి ఉంటుంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి మీ డిస్ట్రిక్ట్ నియమాల్లో అది ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఏ శుక్రవారం ఏం జరిగిందో ఓ కాగితం మీద తేదీతో రాసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగి, మతాల గొడవగా మారి, పిల్ల నెత్తిన పడుతుంది.

బోర్డు ఓటు సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి. 2025లో టెక్సస్ శాసనసభ సెనేట్ బిల్ 11 అనే చట్టం చేసింది. అది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రోజూ ప్రార్థనకి, బైబిల్ లేదా మరో మతగ్రంథం చదువుకోవడానికి సమయం పెట్టాలా వద్దా అని ప్రతి బోర్డూ 2026 మార్చి 1లోగా, ఎవరు ఎటు వేశారో నమోదయ్యేలా ఓటు వేయాలని గడువు పెట్టింది. వద్దని కూడా వేయొచ్చని ఉంది. పెడితే అది పాఠాల సమయంలో ఉండకూడదు, మైకులో చదవకూడదు, తల్లిదండ్రులు సంతకం చేసిన పిల్లలకే. ఆ సంతకం కాగితం పూర్తిగా చదవండి. ఈ విధానం మీద కోర్టుకి వెళ్ళే హక్కు వదులుకుంటున్నాం అనే మాట అందులో ఉంటుంది. నా మటుకు నేనైతే సంతకం చేయను. ఏ మతం వాళ్ళనైనా చేయమనను. ఉన్న హక్కుని వదులుకుని, ఎప్పటినుంచో ఉన్న ప్రార్థన స్వేచ్ఛనే మళ్ళీ కొనుక్కోవడం ఎందుకు?

బోర్డు వద్దనే ఓటు వేయాలని నా గట్టి నమ్మకం. పొద్దున్నే పిల్లలు సంతకం ఉన్నవాళ్ళు ఓ గదికి, లేనివాళ్ళు ఓ గదికి విడిపోతుంటే, ఎవరెటు వెళ్తున్నారో ప్రతి పిల్లా చూస్తుంది. చీటీ మీద పేర్లు రాసే క్లాస్ లీడర్ అక్కర్లేదు. బోర్డు సమావేశంలో, అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడటానికి జనానికి అవకాశం ఇవ్వాలి, ముందుగా పేరు నమోదు చేసుకోండి. రెండు నిమిషాలు చాలు. మీకు బెరుకైతే ఈమెయిల్ రాయండి, అదీ లెక్కలోకి వస్తుంది. మీ స్నేహితురాలు వచ్చి మీ పక్కన కూర్చుంటే మరీ మంచిది.

ఈ శుక్రవారం మ్యాచ్‌కి మీ ఉత్తరం పనిచేయకపోవచ్చు. అందుకని మీ అమ్మాయి ప్రశ్నకి నా జవాబు ఇది. ఆ వలయం ఏర్పడేటప్పటికి క్లారినెట్‌ని పెట్టెలోంచి తీసి ఉంచుకోమనండి. అది రెండు చేతులతో పట్టుకునే వాయిద్యం. ఊదే చోట ఉండే సన్నటి రీడ్ తడిసిందా లేదా చూసుకుంటూ, తల ఎత్తి, పక్కవాళ్ళని చిరునవ్వుతో చూస్తూ నిలబడొచ్చు. చేయి అందించమని ఎవరైనా అడిగితే “నేను ఇలాగే ఉంటాను, థాంక్స్” అంటే సరిపోతుంది. ఇంటికొచ్చాక ఎలా జరిగిందో అడగండి, ఆమె చెప్పినంత వరకే వినండి.